రిమోట్ తెరచాప పడవ: కట్టడం నుంచి తాళ్ళ బిగింపు దాకా, తరచుగా అడిగే ప్రశ్నలు

ఇప్పటికి మూడు పడవలు కట్టాను. మొదటిది మునిగింది, రెండోది ఎటు తిప్పినా గాలి వైపే మూతి తిప్పుకునేది, మూడోది ఇంకా తిరుగుతోంది. చెరువు గట్టు మీద దాన్ని దించిన ప్రతిసారీ ఎవరో ఒకరు బండి ఆపి అవే ప్రశ్నలు అడుగుతుంటారు, ఫోన్లో వచ్చేవీ అవే, అందుకని అన్నీ ఒకచోట రాసిపెడుతున్నా. ఇందులో ఉన్నదంతా 65 సెంటీమీటర్ల పడవను దృష్టిలో పెట్టుకుని రాసింది. ముందే ఒక మాట: మనలో చాలామంది పడవ పొట్టకు మూడు నెలలు పెట్టి తాళ్ళకు ఒక్క సాయంత్రం పెడతారు. నేనూ అదే చేశాను, రెండు పడవలు పోగొట్టుకున్నాక గానీ తెలిసిరాలేదు.

మోటారు ఎక్కడుంది సార్?

లేదు. నడిపేది గాలే. లోపల ఉండేవి రెండు సర్వోలు (రిమోట్ చెప్పినంత మేర తమ చేతిని తిప్పే చిన్న యంత్రాలు), రిమోట్ సిగ్నల్ అందుకునే ఒక రిసీవర్, ఒక బ్యాటరీ, అంతే. ఒక సర్వో చుక్కానిని తిప్పుతుంది, రెండోది చాపల తాళ్ళను లాగుతుంది, వదులుతుంది. చాపలు రెండున్నా తాళ్ళు ఒకే సర్వోకు కట్టి ఉంటాయి కాబట్టి రెండు చానళ్ళ రిమోట్ సరిపోతుంది.

మరి గాలికి ఎదురుగా ఎలా వెళ్తుంది?

సూటిగా ఎదురు వెళ్ళదు. గాలి దిక్కుకు దాదాపు 45 డిగ్రీల కోణంలో కొంతదూరం పోయి, తిరిగి, రెండోవైపు 45 డిగ్రీల్లో పోతుంది. ఎద్దుల బండి ఘాట్ ఎక్కినట్టు మెలికలు. చాప విమానం రెక్కలా పనిచేస్తుంది, గాలి పడవను ముందుకూ పక్కకూ తోస్తుంది, ఆ పక్క తోపుడును పడవ అడుగు నుంచి నీళ్ళలోకి నిలువుగా దిగి ఉండే పలక, అంటే ఫిన్, ఆపేస్తుంది, మిగిలేది ముందుకు పోవడమే. చేతిలో తడి సబ్బును రెండువైపులా నొక్కితే ముందుకు జారిపోతుంది కదా, కొంచెం అలాంటిదే.

ఏ సైజుతో మొదలుపెట్టాలి?

ప్రపంచంలో ఎక్కువగా రేసులాడే తరగతి ఇంటర్నేషనల్ వన్ మీటర్. పొడవు ఒక మీటరు మించకూడదు, బరువు 4 కిలోలకు తగ్గకూడదు, గాలిని బట్టి మార్చుకోవడానికి మూడు సైజుల రిగ్గులు, అంటే చాపల సెట్లు. చాలా మంచి పడవ, కానీ మొదటి పడవగా వద్దంటాను, ఖర్చూ ఎక్కువే, మోసుకెళ్ళడమూ కష్టమే. అంతకంటే పాతది మార్బుల్‌హెడ్, అమెరికాలో 1930 ప్రాంతంలో పుట్టింది, 50 అంగుళాల పొడవు, 800 చదరపు అంగుళాల చాప.

మనకు సరిపోయేది ఆర్‌జీ 65 అనే తరగతి. ముఖ్యమైన నియమాలు గుర్తుపెట్టుకోవడం తేలిక: పొడవు 650 మి.మీ., చాపల మొత్తం వైశాల్యం 2250 చదరపు సెంటీమీటర్లు, ఈ రెండూ దాటకూడదు. బరువు మీ ఇష్టం. మాస్ట్, అంటే చాపలు కట్టే నిలువు కొయ్య, తీసేస్తే బైకు మీద వెనక కూర్చున్నవాళ్ళ ఒళ్ళో పట్టేస్తుంది, నిజానికి నేను దీన్ని ఎంచుకున్నది అందుకే.

పడవ పొట్ట దేనితో కట్టాలి?

మూడు దారులు. ఒకటి, బాల్సా కర్ర సన్నని పట్టీలను వరసగా అతికించడం. 65 మి.మీ. ఎడంలో ప్లైవుడ్ అడ్డపలకలు నిలబెట్టి, వాటి మీద 3 మి.మీ. మందం పట్టీలు ఒక్కొక్కటే వంచి అతికించి, పైన సన్నని ఫైబర్ గ్లాస్ గుడ్డ పరిచి, ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పూస్తాం. ఓపిక కావాలి, చూడ్డానికి మాత్రం బొమ్మలా ఉంటుంది. రెండు, థర్మోకోల్ దిమ్మను ఆకారానికి చెక్కి పైన గ్లాస్ గుడ్డ పరచడం. ఇక్కడ జాగ్రత్త: పాలిస్టర్ రెజిన్ వాడితే థర్మోకోల్ కరిగిపోతుంది, కళ్ళముందే గుంటలు పడిపోతాయి, ఇన్‌స్టంట్ జిగురు కూడా అంతే. ఎపాక్సీ ఏమీ చేయదు. మూడు, 3డి ప్రింట్.

దేనితో కట్టినా మామూలు తెల్ల జిగురు మాత్రం నీళ్ళు తగిలే చోట వాడొద్దు, నానితే మెత్తబడుతుంది.

3డి ప్రింట్ చేయించుకుంటే తేలిక కదా?

తేలికే. కానీ ప్రింటింగ్‌కు మామూలుగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెల మధ్యాహ్నం అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారు లోపల వేడి దానికి చాలా దగ్గరకు వెళ్తుంది. సాయంత్రానికి మీ పడవ అరటిపండులా వంగి ఉంటుంది. పీఈటీజీ అనే ఇంకో ప్లాస్టిక్ నయం, 80 దాకా తట్టుకుంటుంది. ఇంకొకటి, ప్రింట్ చేసిన పొరల మధ్య సన్నని సందులుంటాయి, కంటికి కనపడవు, నీళ్ళకు కనపడతాయి. లోపల ఒక చేయి ఎపాక్సీ పూయండి.

మొత్తం బరువు ఎంత ఉండాలి?

నా మూడో పడవ 1050 గ్రాములు. పొట్ట, దాని పైకప్పు అయిన డెక్కు కలిపి 200. ఫిన్, చుక్కాని 60. పడవ ఒరిగిపోకుండా ఫిన్ కింది కొనకు తగిలించే సీసం, అంటే బల్బు, 550. మాస్ట్, బూములు (చాప కింది అంచును పట్టే అడ్డ కర్రలు), చాపలు 90. సర్వోలు, బ్యాటరీ వగైరా 150. చూడండి, సగానికి పైగా అడుగునే ఉంది. అసలు కిటుకంతా అదే: పైన గ్రాము గ్రాము తగ్గించుకుంటూ వచ్చి, మిగిలిన బరువంతా కిందికి దింపాలి. మాస్ట్ పైకొన మీద 10 గ్రాములు పెంచితే దాన్ని సరిచేయడానికి అడుగున 30, 40 గ్రాములు కలపాల్సి వస్తుంది, ఎందుకంటే మాస్ట్ కొన నీటికి మీటరు ఎత్తులో ఉంటే సీసం 30 సెంటీమీటర్ల లోతులోనే ఉంది.

వంటింటి డిజిటల్ త్రాసు ఒకటి దగ్గర పెట్టుకుని, ప్రతి ముక్కా అతికించే ముందు తూచి రాసుకోండి. మా ఇంట్లో త్రాసు ఇప్పుడు నా గదిలోనే ఉంటుంది, దాని గురించి రోజూ ఒక మాట పడుతూనే ఉన్నాను.

సీసం ఎక్కడ దొరుకుతుంది, ఎలా పోయాలి?

వలలకు కట్టే సీసపు గుళ్ళు చేపల సరంజామా కొట్లలో దొరుకుతాయి, టైర్ల షాపుల్లో పాత బ్యాలెన్సింగ్ బరువులు అడగండి, కాకపోతే ఇప్పుడు వాటిలో కొన్ని సీసం కావు, ఇనుమూ జింకూ కూడా ఉంటాయి, చూసి తీసుకోండి. సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది, గ్యాస్ స్టవ్ మంట చాలు. అచ్చు తడిగా మాత్రం ఉండకూడదు. నేను ప్లాస్టర్ అచ్చు చేసి, పైకి పొడిగానే ఉంది కదా అని రెండో రోజే పోశాను. లోపలి తేమ ఒక్కసారిగా ఆవిరై సీసం చిటపటా పైకి చిమ్మింది. కళ్ళద్దాలు పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది, చొక్కాకు మాత్రం ఆరు చిల్లులు. అచ్చును వారం ఎండబెట్టి, పోసే ముందు ఓవెన్లో కాసేపు వేడి చేయండి. ఆరుబయట పోయండి, పొగ పీల్చొద్దు, వంట గిన్నె వాడొద్దు, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లల్ని దరిదాపుల్లోకి రానివ్వొద్దు.

ఇదంతా ఎందుకు అనుకుంటే ఇంకో దారి ఉంది. రాగి గొట్టంలోనో ప్లాస్టిక్ గొట్టంలోనో సీసపు గుళ్ళు నింపి ఎపాక్సీ పోసేయండి. గుళ్ళ మధ్య ఖాళీల వల్ల అదే బరువుకు బల్బు లావు అవుతుంది, కాస్త వేగం తగ్గుతుంది. మొదటి పడవకు పర్లేదు.

ఫిన్ వంకరగా అతికితే ఏమవుతుంది?

పడవ ఒకవైపు బాగా పోయి రెండోవైపు ఏడుస్తుంది. ఫిన్‌ను అతికించేటప్పుడు పడవను తలకిందులు పెట్టి, మాస్ట్ రంధ్రంలో ఒక పొడవాటి కడ్డీ నిలబెట్టి, ఫిన్, కడ్డీ, చుక్కాని మూడూ ఒకే గీతలో ఉన్నాయో లేదో వెనక నుంచి ఒక కన్ను మూసి చూడండి. బల్బు నీటిమట్టానికి సమాంతరంగా ఉండాలి.

ఏ సర్వో కొనాలి?

చుక్కానికి మామూలు చిన్న సర్వో చాలు. చాపలదే అసలు పని. లెక్క చూద్దాం: గాలి గంటకు 18 కి.మీ. ఉంటే 2250 చదరపు సెంటీమీటర్ల చాపల మీద తోపుడు సుమారు 350 గ్రాములు. గాలి రెట్టింపైతే తోపుడు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు, అంటే 36 కి.మీ. గాలిలో దాదాపు 1.4 కిలోలు. సర్వో చేయి పొడవు 8 సెం.మీ. అనుకుంటే సుమారు 11 కేజీ-సెం.మీ. బలం కావాలి. డబ్బా మీద రాసిన అంకె మీద నమ్మకం పెట్టుకోకుండా 15 నుంచి 20 ఉన్నది, లోహపు గేర్లున్నది తీసుకోండి. నా రెండో పడవలో ప్లాస్టిక్ గేర్లది పెట్టాను, ఒక్క గాలి దెబ్బకు పళ్ళు రాలిపోయాయి.

డ్రమ్ముకు తాడు చుట్టుకునే వించ్ సర్వోలు కూడా ఉంటాయి, పెద్ద పడవలకు అవే మేలు, కానీ తాడు వదులైతే డ్రమ్ము మీద నుంచి జారి చిక్కుపడుతుంది. 65 సెం.మీ. పడవకు చేయి ఉన్న సర్వోనే నా ఓటు.

తాడు ఎంత లాగాలో, ఎక్కడ కట్టాలో ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ, అడగాల్సింది మాత్రం ఇదే. 8 సెం.మీ. చేయి 90 డిగ్రీలు తిరిగితే దాని కొన 11 సెం.మీ. పైచిలుకు దూరం పోతుంది. బూమ్ కూడా మధ్య నుంచి పూర్తిగా పక్కకు, అంటే దాదాపు 90 డిగ్రీలు తెరుచుకోవాలి. కాబట్టి బూమ్ మీద తాడు కట్టే చోటు మాస్ట్ నుంచి అదే 8 సెం.మీ. దూరంలో ఉండి, డెక్కు మీద తాడు బయటికొచ్చే రింగు దాని కిందే ఉంటే లెక్క సరిపోతుంది. బూమ్ డెక్కుకు ఎత్తులో ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం తక్కువే పడుతుంది, ఆ మిగులు సర్దుబాటుకు ఉంచుకోండి. ముందు చాప జిబ్‌కు కూడా అదే సూత్రం: అది తిరిగే కీలు నుంచి తాడు కట్టే దూరం మెయిన్ చాపతో, అంటే మాస్ట్ వెనకున్న పెద్ద చాపతో, సమానంగా ఉండాలి. అప్పుడే రెండు చాపలూ ఒకే కోణంలో తెరుచుకుంటాయి. జిబ్ ముందే తెరుచుకుపోయే పడవలు గట్టు మీద నుంచి ఎన్నో చూశాను, కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

తాడు తగిలే ప్రతి మలుపూ ఒక బ్రేకు. గాలి తక్కువున్న రోజు సర్వో తాడు వదిలినా చాప కదలదు, ఎందుకంటే తాడును బయటికి లాగాల్సింది గాలే, ఆ గాలికి అంత బలం ఉండదు. డెక్కు రంధ్రంలో నున్నటి రింగు పెట్టండి, మలుపులు రెండుకు మించనివ్వకండి.

ఏ దారం వాడాలి?

గాలానికి వాడే అల్లిక దారం, డైనీమా రకం, 50 పౌండ్ల లాగుడు తట్టుకునేది. సాగదు, నీళ్ళు పీల్చదు. ఒంటిపోగు నైలాన్ దారం సాగుతుంది, పొద్దున బిగించిన చాప మధ్యాహ్నానికి సంచిలా వేలాడుతుంది. అయితే డైనీమా జారుడు ఎక్కువ, మామూలు ముడి ఊడిపోతుంది, ముడి మీద ఒక చుక్క ఇన్‌స్టంట్ జిగురు వేయండి. దారం పొడవు సర్దుకోవడానికి బౌసీ అని చిన్న బిళ్ళ వాడతాం, మూడు చిల్లులుంటాయి, దారాన్ని వాటిలోంచి పోనిచ్చి జరిపితే బిగుస్తుంది. పాత ఏటీఎం కార్డు కత్తిరించి చేసుకోవచ్చు. ఒక కార్డుకు ఇరవై దాకా వస్తాయి.

మాస్ట్‌కు ఏం వాడాలి?

6 మి.మీ. కార్బన్ గొట్టం. పెద్ద గాలిపటాలకు, డ్రోన్లకు అమ్మే చోట దొరుకుతుంది. కోసేటప్పుడు మాస్క్ పెట్టుకుని, తడిపి కోయండి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. వెదురు కూడా పనిచేస్తుంది, నిటారుగా ఉన్నది దొరకడమే కష్టం.

చాపలు ఇంట్లో కుట్టుకోవచ్చా?

కుట్టడం కాదు, అతికించడం. కుట్టు మిషన్ రంధ్రాల వెంబడే ఫిల్మ్ చిరుగుతుంది. గొడుగు గుడ్డ చాలామంది ప్రయత్నిస్తారు, అది ఏటవాలుగా లాగితే సాగుతుంది, ఆకారం నిలవదు. డ్రాయింగులకు వాడే 50 మైక్రాన్ల పాలిస్టర్ ఫిల్మ్ మంచిది. గాలిపటాల రిప్‌స్టాప్ గుడ్డ కూడా బాగుంటుంది.

మొదటి చాప ఒకే ముక్కతో, చదునుగా చేసేయండి. రెండోసారి వంపు ఇవ్వండి. వంపు ఎలా వస్తుందంటే: చాపను అడ్డంగా మూడు ముక్కలు చేస్తాం. పై ముక్క కింది అంచు తిన్నగా కత్తిరించాలి, కింది ముక్క పై అంచును మధ్యలో ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉబ్బేలా వంపుగా కత్తిరించాలి. తిన్నటి అంచును, వంపు అంచును 6 మి.మీ. డబుల్ టేపుతో కలిపితే ముక్క బల్ల మీద చదునుగా పడుకోదు, ఉబ్బుతుంది. ఆ ఉబ్బే చాప. ఒకటిన్నర మిల్లీమీటర్లంటే గోటి అంచంత, నమ్మబుద్ధి కాదు, నేను కూడా మొదట నమ్మక నాలుగు పెట్టాను, చాప కాస్తా గిన్నెలా తయారైంది. టేపు అతికించే ముందు ఫిల్మ్‌ను స్పిరిట్‌తో తుడవండి, వేలి జిడ్డు ఉంటే నీళ్ళు తగిలాక ఊడుతుంది. అతికించేటప్పుడు ఫ్యాన్ ఆపేయండి. ఇది తమాషా కాదు.

నీళ్ళు లోపలికి పోకుండా ఎలా?

పోతాయి. పోయినా మునగకుండా చూసుకోవాలి. అరకిలో సీసం వేలాడుతున్న పడవ నిండితే రాయిలా దిగిపోతుంది. నా మొదటి పడవ అలాగే దిగింది, డెక్కు మీది మూత టేపు ఊడింది, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇప్పుడు ముందు వెనక ఖాళీల్లో థర్మోకోల్ ముక్కలు కూరుతున్నా. లీటరు ఖాళీని గాలి చొరబడకుండా నింపితే సుమారు కిలో బరువును తేలుస్తుంది, అదే కొలత. మూతకు వెడల్పాటి వినైల్ స్టిక్కరు ప్రతిసారీ కొత్తది అతికించండి. చుక్కాని ఇరుసు గొట్టం పైకొన నీటిమట్టానికి పైన ఉండాలి, లోపల గ్రీజు పెట్టండి. రిసీవర్‌ను బెలూన్లో పెట్టి మూతి కట్టడం పాత చిట్కా, ఇప్పటికీ పనిచేస్తుంది.

2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నీళ్ళలోంచి రాదు. అందుకే యాంటెన్నా డెక్కు కిందే, పైకి దగ్గరగా అతికించాలి, అడుగున పడేస్తే పడవ ఒరిగినప్పుడల్లా సిగ్నల్ పోతుంది.

బ్యాటరీ?

నాలుగు ఏఏ సైజు రీచార్జబుల్ సెల్స్, 4.8 వోల్టులు. మొదలుపెట్టడానికి చాలు. సర్వో గట్టిగా లాగిన క్షణంలో వోల్టేజి పడిపోయి రిసీవర్ ఆగి మళ్ళీ లేస్తుంటే సెల్స్ పాతబడ్డాయని అర్థం. రిమోట్‌లో ఫెయిల్‌సేఫ్ ఉంటే సిగ్నల్ పోయినప్పుడు చాపలు పూర్తిగా వదిలేలా పెట్టుకోండి.

పడవ తనంతట తాను గాలి వైపు తిరిగిపోతోంది, ఏం చేయాలి?

నా రెండో పడవ రోగమిదే. చాపల మీద తోపుడు కేంద్రం ఒకటి, నీళ్ళలో ఫిన్ అడ్డుకునే కేంద్రం ఒకటి ఉంటాయి. చాపల కేంద్రం మరీ వెనక ఉంటే తోక పక్కకు పోయి మూతి గాలి వైపు తిరుగుతుంది. మాస్ట్‌ను కొంచెం ముందుకు వంచండి, లేదా ముందు రంధ్రంలోకి మార్చండి. అందుకే డెక్కు మీద మాస్ట్‌కు 5 మి.మీ. ఎడంతో మూడు నాలుగు రంధ్రాలు ముందే పెట్టుకోమంటాను. నేను ఒక్కటే పెట్టాను, దానికీ ఫిన్‌కూ మధ్య కుదరలేదు, డెక్కు కోయాల్సి వచ్చింది. గాలి నుంచి దూరంగా తిరిగిపోతుంటే దీనికి సరిగ్గా తిరగేసి చేయండి. ఎదురుగాలికి ఏటవాలుగా పోతున్నప్పుడు చుక్కానిని మధ్యలో వదిలేస్తే మెల్లగా, బద్ధకంగా గాలి వైపు తిరగాలి. అంతవరకు చాలు.

చాపల కోణాలు: తాడు పూర్తిగా లాగినప్పుడు మెయిన్ బూమ్ మధ్య గీతకు 5 డిగ్రీలు, జిబ్ 10 డిగ్రీలు. బూమ్‌కూ చాపకూ మధ్య ఉబ్బు 12, 13 మి.మీ. చాప వెనక అంచుకు మూడు అంగుళాల సన్నటి ఊలు దారం అతికించండి. గాలి సరిగ్గా పారుతుంటే అది తిన్నగా వెనక్కి ఎగురుతుంది. ఆ దారం చాప వెనక వైపుకు ముడుచుకుంటే చాప తాడు మరీ బిగిసింది, కాస్త వదలండి. ఇవన్నీ గట్టు మీద కాదు, ఇంట్లో బల్ల మీద టేబుల్ ఫ్యాన్ ముందు చూసుకోండి.

గాలి ఎక్కువైన రోజు?

గాలి 18 కి.మీ. దాటి, ఒరిగినప్పుడు డెక్కు అంచు నీళ్ళలో మునిగిపోతూ, వాలుగాలికి పోతుంటే ముక్కు నీళ్ళలో గుచ్చుకుంటుంటే చిన్న చాపల సెట్టు పెట్టుకోవాలి. లేకపోతే ఇంటికెళ్ళాలి. ఆషాఢం గాలుల్లో నేను చాలాసార్లు ఇంటికే వెళ్ళాను.

ఎక్కడ నడపాలి?

లోతు ఫిన్ కంటే రెండింతలుండి, చుట్టూ ఎత్తైన భవనాలు లేని చిన్న చెరువు. భవనాల పక్కన గాలి సుడులు తిరుగుతుంది, ఎంత బాగా బిగించినా పడవ తికమక పడుతుంది. హుస్సేన్ సాగర్‌లో నిజమైన తెరచాప పడవల పోటీలు జరుగుతాయి, వెళ్ళి చూడండి, వాళ్ళు తాళ్ళు సర్దడం చూస్తే సగం విద్య వస్తుంది, కానీ మన బొమ్మకు అంత నీరు వద్దు. గుర్రపు డెక్క ఉన్న చెరువుల జోలికి పోవద్దు, దాని వేళ్ళు ఫిన్‌కు చుట్టుకుంటే పడవ లంగరేసినట్టు ఆగిపోతుంది. వలలు వేసే చోట ముందు అక్కడివాళ్ళను అడగండి.

మధ్యలో ఆగిపోతే?

గాలి మీ వైపు వీచే గట్టు నుంచే దించండి. ఆగిపోయినా అదే మీ దగ్గరికి కొట్టుకొస్తుంది. ఒకసారి సౌకర్యం కోసం ఎదుటి గట్టు నుంచి దించాను, బ్యాటరీ అయిపోయింది, పడవ నిదానంగా చెరువు అవతలికి వెళ్ళిపోయింది. చుట్టూ తిరిగి వెళ్ళేసరికి ఒక పెద్దాయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఇంత మంచిగ జేసినవ్, గింత సీసం దండగ గాదా బిడ్డా?" అన్నాడు. అరగంట వివరించాను. చివర్లో "మా దోనెకు గూడ ఇసుక మూటలేస్తుంటిమి" అన్నాడు. అంటే ఆయనకు మొదటి నుంచీ తెలుసు.

ఈదుకుంటూ వెళ్ళొద్దు. పోతే పడవే పోతుంది.

లైసెన్స్ కావాలా?

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తి రిమోట్లకు లైసెన్స్ అక్కర్లేదు. చెరువు దగ్గర అనుమతి వేరే సంగతి, అది చెరువును బట్టి ఉంటుంది.

రేసులకు నియమాలున్నాయా?

ఉన్నాయి. పెద్ద పడవల రేసు నియమాలే, వాటిలో రేడియో పడవల కోసం ఈ అనే అనుబంధం ఒకటి ఉంటుంది. ముఖ్యమైనది: గాలి కుడివైపు నుంచి అందుకుంటున్న పడవకు, ఎడమ నుంచి అందుకుంటున్నది దారివ్వాలి. అమెరికాలో ఉన్నవాళ్ళయితే అమెరికన్ మోడల్ యాటింగ్ అసోసియేషన్‌ను చూడండి, 1970 నుంచి ఉంది. న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో కన్జర్వేటరీ వాటర్ అనే కొలనులో సీజన్లో రిమోట్ పడవలు అద్దెకిస్తారు, కట్టే ముందు ఒక గంట నడిపి చూడాలనుకుంటే మంచి చోటు.

ఆపద కోసం చిన్న మోటారు పెట్టుకుంటే?

పెట్టుకోవచ్చు. రెండో పడవకు పెట్టాను. ఆ తర్వాత గాలి కాస్త తగ్గితే చాలు వేలు దాని మీదికే పోయేది, చాప సర్దడం మానేశాను. మూడోదానికి పెట్టలేదు.